రాళ్ళు కడిగిన చెయ్యి

మా అత్తగారి వంటింట్లో ఉల్లిపాయకే వారంలో సగం రోజులు ప్రవేశం ఉండేది కాదు. అలాంటి ఇంట్లో, దేవుడి గదికి సరిగ్గా ఎదురుగా, గాజుతొట్టెలో చేపలు ఈదాయంటే మా చుట్టాలు ఇప్పటికీ నమ్మరు. పెంచుకోవడానికేలెండి, తినడానికి కాదు. అయినా చేప చేపేనని ఆవిడ వాదన.

తొంభైల్లో మాట ఇది. రాజమండ్రిలో గోదావరి గట్టుకి కాస్త ఇవతల ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం, మా ఆయనా, నేనూ, మా అత్తగారూ. మామగారు పోయాక ఆవిడ కోనసీమ నుంచి మా దగ్గరికి వచ్చేశారు. మా ఆయన ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. తలనొప్పి బిళ్ళ కూడా ఎరగని మనిషి, ఒక పొద్దున్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ పెట్టుకుంటూ మంచం మీద కూలబడ్డారు. పక్షవాతం అన్నారు డాక్టరుగారు. కుడి పక్కంతా పడిపోయింది.

కాలు త్వరగానే దారికొచ్చింది. మాట కూడా తేరుకుంది. ఆయన స్పష్టంగా అన్న మొదటి మాట, కాఫీ చల్లారిపోయిందని. హమ్మయ్య, మనిషి ఎక్కడికీ పోలేదు అనుకున్నాను. చెయ్యి మాత్రం రాలేదు. మోచేతి దాకా లేచేది, వేళ్ళు ముడుచుకునేవి కావు.

సంతకం ఎడంచేత్తో నేర్చుకున్నారు. గుండీలు నేను పెట్టేదాన్ని. అన్నం దగ్గరే వచ్చింది చిక్కు. ఎడంచేత్తో కలుపుకుని తినడం ఆయన వల్ల కాలేదు, చిన్నప్పుడు ఆ చెయ్యి కంచం దగ్గరికి వస్తే వాళ్ళ నాన్నగారు ఊరుకునేవారు కాదట. చెంచా ఇస్తే రెండు మెతుకులు తిని పక్కన పెట్టేశారు. చివరికి మా అత్తగారు కంచం తన ముందుకు లాక్కుని, కలిపి, ముద్దలు చేసి ఆయన నోట్లో పెట్టడం మొదలుపెట్టారు. నేను పెడతానంటే, నేనుండగా నీకెందుకమ్మాయ్ అన్నారు. నాకు ఉక్రోషం రాలేదంటే అబద్ధం. కట్టుకున్నదాన్ని నేనున్నాను కదా అని లోపల్లోపల గింజుకునేదాన్ని.

ఆయన మాత్రం గోడకేసి చూస్తూ తినేవారు. ఆ సమయానికి గుమ్మంలో ఎవరైనా చెప్పులు విప్పిన చప్పుడు వినిపిస్తే నోరు మూసేసుకునేవారు, ఇంక ఆ పూట భోజనం అయిపోయినట్టే. పెళ్ళిళ్ళూ పేరంటాలూ మానేశారు. ఆఫీసువాళ్ళు మంచివాళ్ళు, వచ్చి కూర్చోండి చాలు, రాసే పని మేం చూసుకుంటాం అని కబురు పెట్టారు. ఈయన వెళ్ళనన్నారు. ఎందుకని నిలదీస్తే ఒకసారి గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పారు.

"మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పుతారే. నాకెవరు పెడతారక్కడ?"

నేను లేచి వంటింట్లోకి వెళ్ళి తోమక్కర్లేని గిన్నెలు తోమాను.

డాక్టరుగారు ఒక మెత్తటి బంతి ఇచ్చి, రోజూ పిసకమన్నారు. నాలుగు రోజులు పిసికి, ఇదేమైనా చంటిపిల్లల ఆటా అని మంచం కిందకి విసిరేశారు. అన్నం తనే తినే ప్రయత్నం కూడా ఒకసారి చేశారు. మెతుకులన్నీ ఒళ్ళోనూ, పీట చుట్టూనూ పడ్డాయి. మా అత్తగారు కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చారు. ఆవిడ ఏడవకుండా ఉంటే ఆయన రెండోసారి ప్రయత్నించేవారేమోనని నేను చాలాకాలం అనుకున్నాను. ఆ తర్వాత ఆ చెయ్యి కంచం మీదకి రాలేదు.

అలా ఉండగా ఆయన ఆఫీసు స్నేహితుడికి తుని బదిలీ అయ్యింది. బ్రహ్మచారి. ఒక్కడే ఉంటూ ఇంట్లో అక్వేరియం పెట్టుకున్నాడు. తునిలో గది దొరికి కుదురుకునేదాకా దాన్ని మా ఇంట్లో ఉంచుతానని, ఈయన్ని అడగనైనా అడక్కుండా రిక్షాలో వేసుకుని తీసుకొచ్చేశాడు. గాజుతొట్టె, గాలి కొట్టే చిన్న మోటారు, రబ్బరు గొట్టం, గోనెసంచీలో గులకరాళ్ళు, స్టీలు బిందెలో చేపలు. మా అత్తగారు దేవుడి గది తలుపు ధడాలున వేసుకున్నారు.

అతను రాళ్ళని తొట్టె అడుగున పరిచి, నీళ్ళు నింపి, చేపల్ని వదిలి, మా ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. చేపల్ని చూసుకోవక్కర్లేదు, రాళ్ళని చూసుకుంటే చాలన్నాడు. వేసిన మేతలో తినగా మిగిలిందీ, చేపల మలినమూ అన్నీ రాళ్ళ సందుల్లోకే దిగుతాయట. పైకి ఎంత శుభ్రంగా ఉన్నా అడుగున కుళ్ళు పేరుకుంటుందట. అందుకని వారానికోసారి రబ్బరు గొట్టంతో కొంచెం నీళ్ళు బేసిన్‌లోకి లాగి, కొన్ని రాళ్ళు తీసి, ఆ తొట్టె నీళ్ళలోనే చేత్తో రుద్ది కడగాలి. సబ్బు తగలకూడదు. రాళ్ళన్నీ ఒకేసారి కడగకూడదు, ఈ వారం ఒక పక్కవి, వచ్చే వారం రెండో పక్కవి. రాళ్ళ మీద చేపలకి మేలు చేసేది కూడా ఏదో బతుకుతూ ఉంటుందనీ, అన్నీ తోమేస్తే అది పోతుందనీ చెప్పాడు. మురికిలో మేలేమిటో నాకైతే అర్థం కాలేదు. మా ఆయన మాత్రం శ్రద్ధగా తల ఊపారు.

మొదటి ఆదివారం నేను చూసిన భాగోతం ఇంతా అంతా కాదు. గొట్టంలోంచి నీళ్ళు రావాలంటే ఒక చివర నోటితో పీల్చాలి. ఈయన పీల్చారు, వదలడం ఆలస్యమై నోటినిండా చేపల నీళ్ళు. మా అత్తగారు అది చూసి గోలపెట్టి, పసుపునీళ్ళతో పుక్కిలింపించి, ఇల్లంతా పసుపునీళ్ళు చల్లారు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఆయనా నవ్వారు. పక్షవాతం వచ్చాక ఆయన నవ్వు వినడం అదే మొదలు.

ఆపైన రాళ్ళు. ఎడంచెయ్యి ఒక్కదాంతో రాళ్ళు కడగడం కుదరదు. ఒక చెయ్యి బేసిన్ వంచాలి, రెండో చెయ్యి రాళ్ళు జారిపోకుండా అడ్డం పెట్టాలి. ఆయన అవస్థ చూడలేక, బియ్యం ఎప్పుడూ కడగలేదా మీరు అన్నాను. కడగలేదు, నిజమే. ఆయనకి ఆ అవసరం ఏనాడు వచ్చింది కనక! పక్కన గొంతుక్కూర్చుని చూపించాను. అరచెయ్యి లోపలికి పెట్టి, నీళ్ళలో గుండ్రంగా తిప్పి, రుద్ది, మురికినీళ్ళు పైపైన వంచేసేటప్పుడు వేళ్ళు దగ్గరగా చేసి ఆపాలి. ఆయన ఎడంచేత్తో కుడిచేతిని ఎత్తి బేసిన్‌లో పెట్టుకున్నారు. ఆ చెయ్యి రాళ్ళ మీద వస్తువులా పడి ఉంది. నీళ్ళు వంచితే రాళ్ళన్నీ వేళ్ళ సందుల్లోంచి జారి అరుగు మీద పడ్డాయి. మళ్ళీ ఏరుకున్నారు. విసుక్కోలేదు. బంతి విసిరేసిన మనిషి రాళ్ళని విసిరెయ్యలేదు, అవి కడక్కపోతే చేపలు చస్తాయి మరి.

ఆదివారం పని కాస్తా పోనుపోను వారంలో రెండుసార్లయ్యింది. వేసవి నడుస్తుండగా ఒక ఆదివారం ఆయన చూపుడువేలూ, బొటనవేలూ కలిసి ఒక రాయిని పట్టుకోవడం చూశాను. పట్టుకుని ఎత్తి, వెలుతురులో చూసి, మళ్ళీ నీళ్ళలో వేశారు. నేను చూశానని ఆయనకి తెలుసు. నేనేమీ అనలేదు, అంటే మా అత్తగారు వచ్చి ఏడుస్తారని భయం. ఇంకొన్ని వారాలకి గుప్పెడు రాళ్ళు ఎత్తగలిగారు. నీళ్ళు వంచేటప్పుడు వేళ్ళు అడ్డం నిలబడేవి, ఒకటో రెండో రాళ్ళు తప్ప కింద పడేవి కావు.

అయితే అన్నం దగ్గర ఏ మార్పూ లేదు. రాయి వేరు, అన్నం వేరు అనేవారు. రాయి గట్టిగా ఉంటుంది, చేతికి తెలుస్తుంది, మెతుకు తెలియదు అనేవారు. ఒక్కసారి ప్రయత్నించండి, ఇంట్లో మేమే కదా అంటే మొహం గంటు పెట్టుకునేవారు. ఓరి దేవుడా, ఈ మనిషికి చెయ్యి వచ్చినా మనసు రాదేమో అనుకున్నాను. నాకు కోపం కూడా వచ్చేది. ఒకటి రెండుసార్లు ఆ కోపం పప్పు మీద చూపించి మాడగొట్టాను.

మా అత్తగారి సంగతి చెప్పాలి. గాజుపెట్టె దగ్గరికి వెళ్ళనని ఒట్టు పెట్టుకున్న మనిషి, కొడుకు వేళ్ళలో కదలిక కనిపించాక మెల్లిగా అటు తిరగడం మొదలుపెట్టారు. ముందు దూరంగా నిలబడి చూసేవారు. తర్వాత పీట వేసుకున్నారు. ఒకరోజు, ఆ నల్లది మేత తినట్లేదురా నాన్నా అన్నారు. దేవుడికి దీపం పెట్టి వచ్చి చేపలకేసి కూడా ఒక నమస్కారం పడేసేవారు, ఎవరూ చూడట్లేదనుకుని. ఈ మూగజీవాలే తన కొడుకు చెయ్యి తిరిగి ఇస్తున్నాయని ఆవిడ నమ్మకం.

శ్రావణం వచ్చింది, గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చాయి. వరద రోజుల్లో మా కుళాయిల్లో కూడా ఆ రంగే. బిందెలో పట్టుకుని, పటికముక్క నీళ్ళలో తిప్పి కాసేపు వదిలేస్తే మట్టంతా అడుక్కి దిగి పైన నీళ్ళు తేటపడతాయి. ఇంటింటా అదే పద్ధతి, మా అత్తగారి చెయ్యి అందులో మరీ వాటం. తొట్టెలోకి కూడా ఆ కుళాయి నీళ్ళే పోసేవాళ్ళం. ఎంత తేర్చి పోసినా ఆ వారం తొట్టె నీళ్ళు మబ్బుగానే ఉన్నాయి, చేపలు సరిగ్గా కనిపించట్లేదు. మా ఆయన దిగులుపడ్డారు. ఆయన దిగులు చూసి ఆవిడ ఊరుకోగలరా. మర్నాడు నేను బజారుకి వెళ్ళినప్పుడు, ఈయన పడుకున్నప్పుడు, పటిక గుడ్డలో కట్టి తొట్టెలో బాగా తిప్పారు. బిందెకి వేసేదాని కంటే ఎక్కువే వేశారట, తొట్టె పెద్దది కదా అని.

నేను వచ్చేసరికి నీళ్ళు అద్దంలా ఉన్నాయి. మేమిద్దరం ఆశ్చర్యపోయాం. పటిక సంగతి ఆవిడ చెప్పగానే మా ఆయన, అమ్మకి తెలిసిన విద్య మనకి తెలియలేదే అని మెచ్చుకున్నారు. ఆవిడ మొహం చూడాలి అప్పుడు, ఎంత వెలిగిపోయిందో. మట్టంతా ఎక్కడికి పోయిందని మాలో ఒక్కరికీ తట్టలేదు. అది రాళ్ళ మీద జిగురుగా, మందంగా పరుచుకుని ఉంది.

మర్నాడు పొద్దున్న చేపలన్నీ నీళ్ళ పైకి వచ్చి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. నల్లది పక్కకి ఒరిగిపోయింది.

నేను వీధి చివర ఫోను బూత్‌కి పరిగెత్తాను. తునిలో ఆ స్నేహితుడి ఆఫీసుకి ఫోను చేస్తే అదృష్టం కొద్దీ అతనే ఎత్తాడు. పటిక మాట వింటూనే అయ్యయ్యో అన్నాడు. చేపలకి అది పడదండీ, ముందు వాటిని వేరే నీళ్ళలోకి మార్చండి, కుళాయివి వద్దు, నూతి నీళ్ళు పొయ్యండి, ఈ ఒక్కసారికి రాళ్ళన్నీ తీసి కడిగెయ్యండి, వేరే దారి లేదు అన్నాడు. ఇంటివాళ్ళ పెరట్లో నుయ్యి ఉంది. నేను తోడిపోశాను. ఆయన చేపల్ని బిందెలోకి మార్చి, తొట్టె ఖాళీ చేసి, రాళ్ళన్నీ నూతి చుట్టూ ఉన్న గచ్చు పళ్ళెంలో కుప్ప పోసుకుని కూర్చున్నారు. ఆ జిగురు ఒక పట్టాన వదిలేది కాదు. రెండు చేతులతో పిసికి, రుద్ది, జల్లించి, నీళ్ళు వంచి, మళ్ళీ పొయ్యమనేవారు. కాస్త ఆగండి అన్నా ఆగలేదు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి రాళ్ళు కడగడం పూర్తయ్యింది. తొట్టె మళ్ళీ నింపాం. నల్లదీ, ఇంకో చిన్నదీ అప్పటికే చచ్చిపోయాయి. మిగిలినవి కాసేపు బెదురుగా మూలకి నక్కి, తర్వాత ఈదడం మొదలుపెట్టాయి. బతికాయి, చాలు అనుకున్నాను. పోయినవాటిని ఆయనే బంతిమొక్క మొదట్లో గొయ్యి తీసి పూడ్చారు.

లోపలికి వస్తే మా అత్తగారు దేవుడి గదిలో గోడకి జారబడి కూర్చుని ఉన్నారు. పొద్దుట్నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. భోజనానికి రండి అత్తయ్యగారూ అంటే రానన్నారు. నా చేత్తో రెండు ప్రాణాలు తీశాను, నాకు అన్నమేంటి అన్నారు. తెలిసి చేశారా అని నేను సర్దిచెప్పబోయాను. ఆవిడ అసలు భయం అది కాదు.

"వాడి చెయ్యి ఇప్పుడిప్పుడే వస్తోందే అమ్మాయ్. ఈ పాపం వాడికి కొడితే?"

ఇన్నాళ్ళూ ఆవిడ మీద పెంచుకున్న ఉక్రోషం ఎటు పోయిందో తెలియదు. ఎన్ని చెప్పినా కదల్లేదు. పోనీ మీ అబ్బాయికైనా వచ్చి అన్నం పెట్టండి అన్నాను. ఈ చేత్తో పెట్టను, నువ్వే పెట్టు అన్నారు. ఎప్పుడెప్పుడా అని నేను కాచుకున్న మాట అది. వినడానికి ఏమీ బాగాలేదు.

ఆయన గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నారు. వెనక్కి తిరిగి నూతి దగ్గరికి వెళ్ళిపోయారు. నీళ్ళు కుమ్మరించుకుంటున్న చప్పుడు వినిపించింది. తలస్నానం చేసి, తడిపంచెతో, జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా వచ్చారు. ఉద్యోగంలో చేరాక మడి అన్న మాటే మరిచిపోయిన మనిషి. చచ్చిన చేపల్ని ముట్టుకున్న చెయ్యి అని వాళ్ళమ్మ అనడానికి వీల్లేకుండా చేసుకుని వచ్చారన్నమాట. నాతో ఒక కంచంలో అన్నం, పప్పు వడ్డించమన్నారు. వడ్డించాను. అది తీసుకెళ్ళి ఆవిడ ఎదురుగా కింద చతికిలబడ్డారు.

కుడిచెయ్యి అన్నంలో పెట్టారు. పొద్దుట్నుంచీ రాళ్ళలో నలిగి వేళ్ళన్నీ ముడతలు పడి, తెల్లగా పాలిపోయి ఉన్నాయి. అన్నమూ పప్పూ కలిపారు. కలపడం అంటే చుట్టూ తోశారు, కొంత కంచం దాటి కింద పడింది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. వేళ్ళు దగ్గరికి చేసి ముద్ద చెయ్యబోతే విడిపోయింది. మళ్ళీ చేశారు. మళ్ళీ విడిపోయింది. లేచిపోతారేమో అనుకున్నాను. లేవలేదు. మూడోసారి అరచేతిలోకి అదిమి, వేళ్ళతో గట్టిగా మూసి, ముద్దకి దగ్గరగా ఏదో చేశారు. ఆవిడ నోటి దగ్గర పెట్టారు.

"తినమ్మా," అన్నారు.

ఎంగిలీ మడీ అని మా ప్రాణాలు తోడేసే మనిషి నోరు తెరిచారు. సగం ముద్ద నోట్లోకి వెళ్ళింది, సగం ఆవిడ చీర మీద రాలింది. కళ్ళనిండా నీళ్ళతో నమిలారు. ఆయన మళ్ళీ కలిపారు. మళ్ళీ పెట్టారు. తర్వాతివి అంతగా రాలలేదు. నేను అక్కడ ఉండలేక వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను, బాగానే ఏడ్చాను, ఎవరికీ వినపడకుండా.

ఆవిడ తినడం అయ్యాక ఆయనకి కంచం పెట్టాను. మా అత్తగారు కూడా చెయ్యి కడుక్కొచ్చి, అలవాటుగా ఆయన ఎదురుగా కూర్చుని కంచం తనవైపు లాక్కోబోయారు. ఆయన దాని అంచు పట్టుకుని ఆపారు.

"నేను తింటాలే అమ్మా."

ఆవిడ చెయ్యి కంచం మీద అలాగే కాసేపు ఆగిపోయింది. ఏం చెయ్యాలో దానికి తెలియనట్టుంది. తర్వాత ఆ చెయ్యే పక్కనున్న నేతిగిన్నె అందుకుని, ఆయన అన్నం మీద నెయ్యి వంచింది, చాలు చాలు అంటున్నా వంచుతూనే ఉంది.